అంగడి యెచ్చట, కర్మాగార మెచ్చట
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము వెలసి ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నన్నును రెండు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఊరి లెక్కలు వ్రాయుచు, చిక్కిన పొద్దున ఈ బీరువాలలోని భారతమును, ప్రబంధములను ఒజ్జ లేకయే చదువుకొన్నవాడను గనుక ఏ కావ్యమును గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని యీ సంవత్సరము కావ్యములకంటె ఒక పటము నన్నెక్కువ చదివించినది. అది హైదరాబాదు నగరపు భూవినియోగ పటము. అందు ఇండ్లకు ఒక రంగు, అంగళ్ళకు ఒక రంగు, కర్మాగారములకు ఒక రంగు, చెరువులకు ఒక రంగు. రంగు మారిన చోట ధర మారును. ధర మారిన చోట మనుష్యులు మారుదురు. కావున నగరమున క్రొత్త అంగళ్ళును, క్రొత్త కర్మాగారములును ఎచ్చట నుండవలెనను విషయమున నాకు తోచినది మనవి చేసెదను.

అది పట్టణమువారి గొడవ, మనకేల యని వెనుక బల్లమీదివారు అప్పుడే గుసగుసలాడుచున్నారు. పట్టణము తనకు వలదని త్రోసినది ఆకాశమున నిలువదు. ఎవరి పొలముమీదనో, ఎవరి చెరువులోనో వచ్చి పడును. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారికి ఆవలనున్న పల్లెలలో మనదియు నొకటి. పారిశ్రామికవాడకొరకు భూములు చూచుచున్నారను మాట మన రచ్చకడను రెండు మూడు పర్యాయములు వినబడినది. మాట కాగితముగా మారిన పిమ్మట ఆలోచించుటకంటె ముందే ఆలోచించుట మేలు.

మహానగరమంతటిని గూర్చి మాటాడుట నావంటివానికి తగదు. నేను కాలినడకను ఎరిగిన తునకను మాత్రమే తీసికొందును. అది ముషీరాబాదునుండి తార్నాకవరకు గల భాగము. చదువుకొను దినములలో రాంనగరున మా మేనమామగారి యింట కొంతకాలముంటిని గనుక ఆ సందులు నాకు మన చేని గట్లవలె పరిచితములు. ముషీరాబాదున గాంధీ ఆసుపత్రి యున్నది; పూర్వ మచ్చట కారాగార ముండెడిది, ఆ స్థలమునకు 2003లో ఆసుపత్రి వచ్చెను. ఆర్.టి.సి. చౌరస్తా, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము, రాంనగరు చేపల బజారు, వాని చెంతనే ఆజమాబాదు కర్మాగారములు, ఆవల ఉస్మానియా విశ్వవిద్యాలయము, దాని యంచున తార్నాక. ఐదారు కిలోమీటర్లలో వైద్యము, వర్తకము, పరిశ్రమ, విద్య నాలుగును ప్రక్కప్రక్కన నున్నవి. ఒక నడితరపు పట్టణమునకు కావలసినదంతయు ఈ తునకలోనే కలదు. అందుచేత ఇచ్చట తేలిన లెక్క వేరొక పట్టణమునకును కొంత పనికివచ్చును.

ముందుగా ఆజమాబాదు సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఇరుకు పేటలను విడదీయుట, వెడల్పు బాటలు వేయుట, బజారులు కట్టుట దాని పని. 1929లో నిజాము ప్రభుత్వము పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చుటకై ఒక పారిశ్రామిక నిధిని నెలకొల్పెను. ముషీరాబాదు చెంత పరిశ్రమలకని ప్రత్యేకముగా ఒక వాడ వెలసి, ఆజం జా రాకుమారుని పేరిట ఆజమాబాదైనది. చార్మినారు సిగరెట్టు తయారుచేసిన వజీరు సుల్తాను పొగాకు కంపెనీ అచ్చటిదే. నేటికిని ఆ కూడలిని వి.ఎస్.టి. యనియే పిలుతురు. కొంత దూరమున కవాడిగూడలో 1920 నాటి రామగోపాల్ నూలుమిల్లు, 1943 నాటి ప్రాగా టూల్సు ఉండెను.

ఆనాటి యేర్పాటున నాకు మెచ్చదగినవి రెండు కనబడుచున్నవి. ఒకటి, ప్రభుత్వము ఆ భూములను అమ్మివేయలేదు, లీజుకిచ్చెను. రెండవది, పనివాని యిల్లు కర్మాగారపు సైరను వినబడు దూరముననే యుండెను. రాంనగరు, బాగ్ లింగంపల్లి, భోలక్‌పూరు, బాకారము — ఇవన్నియు ఆ సైరనులతో మేలుకొన్న పేటలు. కర్మాగార మెంత దూరమున నుండవలెనని నన్నెవరైన అడిగినచో కొలతబద్ద వలదు, ఆ సైరనే కొలత యందును. పనిచోటు, ఇల్లు దగ్గరగా నున్నచోట మనుష్యులు ఒకరినొకరు ఎరుగుదురు, సంఘములు పుట్టును, నాయకులు పుట్టుదురు. నాయని నరసింహారెడ్డి వి.ఎస్.టి. కార్మిక సంఘమునకు నాయకుడై, ముషీరాబాదు శాసనసభ్యుడై, 2014లో తెలంగాణ రాష్ట్రపు తొలి హోంమంత్రి యయ్యెను. 2023లో ఇందిరా పార్కునుండి వి.ఎస్.టి. వరకు కట్టిన ఉక్కువంతెనకు ఆయన పేరు పెట్టిరి. వంతెన చక్కగనే యున్నది. ఐనను దానిమీద పోవువాడు క్రింది పేటను చూడడు, క్రిందివాడు పైనున్నవానికి ఏమియు అమ్మలేడు. ఈ మాటకు మరల వత్తును.

కాలక్రమమున మిల్లులు మూతపడెను. ఆజమాబాదున నూటముప్పది ఎకరములకు మించిన లీజు భూములలో కొన్ని చేతులు మారి, కొన్ని గోదాములై, కొన్ని ఊరక పడియుండెను. ఆ లీజులను రద్దుచేయుటకును క్రమబద్ధము చేయుటకును 1992లో ప్రత్యేకముగ ఒక శాసనమే చేయవలసివచ్చెను. నగరము నాలుగు దిక్కుల వ్యాపించినకొలది బాలానగరు, నాచారము, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరువు వాడలు వెలసెను. పని దూరమైనది. ఇల్లు మాత్ర మున్నచోటనే యుండెను, ఏలయన పేదవాని యిల్లు అంత తేలికగ కదలునది గాదు.

మా మేనమామగారి యింటి ప్రక్క వాటాలో ఒక ఫిట్టరు కాపురముండెడివాడు. అతడు పనిచేయు కర్మాగారము దగ్గర నున్నంతకాలము మధ్యాహ్నమునకు ఇంటికి వచ్చి భోజనము చేసి పోయెడివాడు. అది మూతపడిన పిదప నగరపు అవతలి కొనయందలి వాడలో పని దొరకెను. కొన్నేండ్ల తరువాత చూచి, “అన్నా, ఎట్లున్నవ్?” అంటిని. “తమ్మీ, మునుపు సైరను గొట్టినంక చాయి తాగి పోయెటోణ్ని. ఇప్పుడు పిల్లలు లేవకముందె పోతున్న, వాండ్లు పండినంక వస్తున్న. నా బిడ్డ నన్ను ఆదివారం చుట్టమనుకుంటది” అనెను. అతడు నవ్వుచునే యనెను గాని నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి అలవాటుచొప్పున ఒక చీటీమీద లెక్క వేసితిని. పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర. దినమునకు 3 గంటలు. ఏట 300 పనిదినములకు 900 గంటలు. దినమునకు 8 గంటల పని యనుకొన్నచో అది 112½ దినముల పని. అనగా ఆ మనుష్యుడు ఏటేట నాలుగు నెలలకు చేరువగు కాలము బస్సునకు కూలిచేయుచున్నాడు. ఆ కూలి ఏ కంపెనీ లెక్కలోను, ఏ ప్రభుత్వపు లెక్కలోను వ్రాయబడదు. కర్మాగారమును దూరమున పెట్టినందువలన భూమి చవుకగా దొరికినదని యజమాని జమకట్టును. ఖర్చు మాత్రము ఫిట్టరు కుమార్తె పేర వ్రాయబడును.

ఇంతమాత్రము చెప్పి ఊరకున్నచో కర్మాగారములన్నిటిని ఇండ్ల నడుమనే పెట్టుమని నే ననునట్లు తోచును. అట్లు గాదు. తార్నాకను చూచినచో రెండవ ప్రక్క తెలియును. అచ్చట 1944లో హైదరాబాదు ప్రభుత్వపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాల మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను నేటి పేరు దాల్చెను. జాతీయ పోషకాహార సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ మరియు అణు జీవశాస్త్ర కేంద్రము చుట్టుప్రక్కల వెలసెను. ఇవియును ఒకవిధముగ కర్మాగారములే, పొగగొట్టములేని కర్మాగారములు. 1961లో స్థాపించిన ప్రభుత్వ ఔషధ సంస్థ, అనగా ఐ.డి.పి.ఎల్., బాలానగరు ప్రాంతమున మందుల ఉత్పత్తి చేపట్టెను. తార్నాకలో నేర్చిన రసాయన విద్య, ఐ.డి.పి.ఎల్.లో చేయితిరిగిన పనివారు — ఈ రెండింటి వలననే హైదరాబాదు మందుల పరిశ్రమ దేశమున ముందు నిలిచెను. ఇది గర్వింపదగిన సంగతి.

కాని విత్తు తార్నాకలో, పంట జీడిమెట్లలో, పెంట పటాన్‌చెరువులో అన్నట్లయినది. పటాన్‌చెరువు, బొల్లారము వాడల రసాయనపు నీరు ఇసుకవాగు, నక్కవాగులలో కలిసి మంజీర దిక్కునకు పారెను. వాగు క్రింది పొలములు పాడయ్యెను, బావులు త్రాగుటకు పనికిరాకపోయెను. పటాన్‌చెరువున వైద్యము చేయుచుండిన డాక్టరు కిషన్ రావు గారు రైతుల పక్షమున చిరకాలము పోరాడిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయెను. విద్య పుట్టినచోట చెట్లు నీడనిచ్చుచుండ, విషము పారినచోట చదువులేనివారు ఆ నీరు త్రాగిరి. దూరమువలన కలిగిన కీడు ఇదియే. ఫలము ననుభవించువానికిని కష్టము ననుభవించువానికిని నడుమ నలువది కిలోమీటర్లున్నచో మొదటివానికి రెండవవాని దగ్గు వినబడదు.

నిప్పు సంగతి వేరు. 1909లో మైసూరులో శ్యామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరనిర్మాణమునకు ఒక అధ్యాయమున్నది. గంధము, పూలు, ధాన్యము అమ్మువారు తూర్పున. వండిన యన్నము, మద్యము, మాంసము అమ్మువారు దక్షిణమున. ఉన్ని, నూలు, వెదురు, తోలు పనివారు పడమట. లోహములు, మణుల పనివారు ఉత్తరమున నుండవలెనని అందు వ్రాసియున్నది. ప్రతి దిక్కునకు ఒక కులమునుగూడ తగిలించినాడు. ఆ భాగమును మనము విడిచిపెట్టవలసినదే. పెద్దలు వ్రాసిరిగదా యని పుస్తకమున నున్నదంతయు నెత్తికెత్తుకొనుటకు గ్రంథాలయములు పెట్టుకొనలేదు. కాని ఆయనయే వేరొకచోట నిప్పుతో పనిచేయువారిని ఒక్కచోట నుంచవలెననియు, వీథులయందు వేలకొలది నీటికుండలు సిద్ధముగ నుండవలెననియు చెప్పెను. ఇది కులమును బట్టి గాక పనిని బట్టి చేసిన విభాగము. పని దేనిని వెలువరించును — నీటినా, పొగనా, నిప్పునా, చప్పుడునా, లేక చెత్తకాగితములనా — అనుదానిని బట్టి చోటు నిర్ణయింపవలెనను సూత్రము అందు దొరకుచున్నది.

ఈ సూత్రమును మరచుట యెంత ఖరీదైనదో ముషీరాబాదు చెంతనే చూడవచ్చును. 2022 మార్చి 23వ తేదీ తెల్లవారుజామున భోయిగూడలో ఒక తుక్కు గోదామునకు నిప్పంటుకొని, పైయంతస్తున నిద్రించుచుండిన బీహారు కూలీలు 11 మంది మరణించిరి. గాంధీ ఆసుపత్రి అచ్చటికి ఎంతో దూరము లేదు. ఆసుపత్రి దగ్గర నుండుట వారికి ఏమి పనికివచ్చెను? తుక్కు క్రింద, మనుష్యులు పైన, నడుమ ఒకే మెట్లదారి. ఇక దూరమున నున్నచో క్షేమమందురా? 2025 జూన్ 30న పాశమైలారమున ఒక మందుల పరిశ్రమలో జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మడిసిరి. అది నగరమునకు వెలుపలనే గదా. కావున దూరము ఒక్కటే రక్ష గాదు. దూరమువలన నగరమునకు చప్పుడు వినబడకపోవును, అంతే.

ఇప్పు డంగళ్ళ మాట. కర్మాగారము నీటిని, కరెంటును, బాటను వెదకును. అంగడి పాదములను వెదకును. క్రీడాభిరామమున మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఒక దినమంతయు ఓరుగంటి వీథులలో తిరుగుదురు. ఆ వీథులు నడచువారివి గనుకనే అంగళ్ళు, వింతలు, మాటలు అన్నియు అందు చోటుచేసికొన్నవి. ఆ యిద్దరిని వాహనమున కూర్చుండబెట్టి వంతెనమీదుగా పంపియున్నచో కావ్యము నాలుగు పద్యములలో ముగిసియుండెడిది. ముషీరాబాదున నేటికిని పాదములున్న చోట్లు స్పష్టముగ నున్నవి. గాంధీ ఆసుపత్రి గేటుకడ రోగుల బంధువులు, చిక్కడపల్లి గ్రంథాలయముచుట్టు, అశోకనగరు వీథులలో కొలువు పరీక్షలకు చదువు యువకులు, 2020 ఫిబ్రవరినుండి ముషీరాబాదు మెట్రో స్టేషను మెట్లు, 2017 నవంబరునుండి తార్నాక స్టేషను మెట్లు. మన ఊరి పిల్లలు నలుగురైదుగురు అశోకనగరు గదులలోనే యున్నారు. వారికి కావలసినది చవుక భోజనము, పాత పుస్తకములు, నకలుతీయు యంత్రము. ఏడంతస్తుల మాల్ గాదు.

క్రొత్త అంగళ్ళు రావలసినది ఇట్టి నడకదారుల మీదనే. మెట్రో స్తంభములక్రిందను, స్టేషనుల దిగువ అంతస్తులయందును చిన్న చిన్న గదులు చవుక బాడుగకు ఈయవచ్చును. తోపుడుబండ్లవారికి 2014లో పార్లమెంటు చేసిన వీథి వర్తకుల చట్ట మున్నది. దానిప్రకారము వారికి చోటు గుర్తించి చీటీ యిచ్చుట పురపాలకుల విధి, దయ గాదు. సరకు నిలువచేయు గోదాములను మాత్రము సందులనుండి తీసి వెడల్పు బాటలకు, అగ్నిమాపక వాహనము తిరుగగల చోటులకు మార్చవలెను. అంగడి సందులో నుండవచ్చును, గోదాము ఉండరాదు. భోయిగూడ నేర్పిన పాఠము ఇది. చేపల బజారును గూర్చి కొందరు మర్యాదస్థులు ముక్కు మూసికొని, దానిని ఊరి వెలుపలికి పంపవలెనందురు. మృగశిర కార్తెనాడు వారింటివారే అచ్చట వరుసలో నిలుచుందురు. బజారును పంపుటకంటె దానికి మంచి కాలువ, నీరు, మంచుగడ్డల గది కట్టించుట చవుక.

ఇక నేటి ముఖ్యవిషయము. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము పారిశ్రామిక భూముల పరివర్తన విధానమొకటి ప్రకటించెను. నగరములోను, దాని యంచునను ఉన్న 22 పారిశ్రామికవాడలు, సుమారు 9,292 ఎకరములు, దాని పరిధిలోనివి. రుసుము చెల్లించి ఆ భూములను నివాసములకు, వర్తకమునకు, కార్యాలయములకు మార్చుకొనవచ్చును. ఇండ్ల నడుమ చిక్కుకొనిన పరిశ్రమల పొగనుండి జనులను తప్పించుట దీని ఉద్దేశమని చెప్పిరి. ఆ ఉద్దేశము తప్పుగాదు. నాచారమున, జీడిమెట్లలో రసాయనపు వాసనతో నిద్ర లేచువారి బాధ నిజము. తార్నాకకు నాచారము కూతవేటు దూరమే.

ఐనను లెక్కలవానిగా నాకొక సందేహము కలుగుచున్నది. రుసుము ఒకసారి వచ్చు జమ. పని దూరమగుట ఏటేట వచ్చు ఖర్చు. ఒకనాటి జమను చూచి శాశ్వతపు ఖర్చును మరచుట మన ఊరిలో ఎద్దులనమ్మి పెండ్లిచేసినవాని లెక్క. వాడలోని ప్రతి కొలిమియు విషము క్రక్కునది గాదు. లేతు యంత్రములు, అచ్చుయంత్రములు, కుట్టుపని, పనిముట్ల మరమ్మతు, విద్యుత్ పరికరముల కూర్పు, అట్టపెట్టెల తయారీ — వీనివలన పొరుగువానికి అపాయ మేమున్నది? నగరమున భూమి ధరకు ఇవి ఆగలేవందురు. భూమి ధర వానవలె ఆకాశమునుండి పడదు. పటమున రంగు మార్చిన మరునాడు పెరుగును. రంగు మార్చువారే కొంత భాగమునకు రంగు మార్చకున్నచో, ఆజమాబాదువంటి ప్రభుత్వ లీజు భూములలో బాడుగను నియమించినచో చిన్న పనివాడు నిలువగలడు. మార్చిన ప్రతి వాడలోను కొన్ని అంతస్తులు శుభ్రమైన చిన్న పరిశ్రమలకు కేటాయింపవలెను. క్రింద అంగళ్ళు, పైన పనిచోట్లు, ప్రక్కన ఇండ్లు. తార్నాక పరిశోధనశాలలలో పుట్టిన క్రొత్త యోచనలకు ఆజమాబాదు మొదటి మడి కావచ్చును. నారు పోసినచోటికి చేరువలోనే నాటుట మన రైతులకు తెలిసిన పనియే.

విశ్వవిద్యాలయపు భూములమాట చెప్పక విడువరాదు. 1918లో స్థాపించిన ఉస్మానియాకు ఆడిక్‌మెట్టున విశాలమైన ఆవరణ యేర్పరచిరి. 1939లో ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమయ్యెను. అంత భూమి నగరమధ్యమున కనబడినప్పుడెల్ల ఎవరికో ఒకరికి అది ఖాళీగా తోచును. 2015లో పేదల యిండ్లకై అందు 11 ఎకరములు తీసికొందమను ప్రతిపాదన వచ్చెను. విద్యార్థులు ఎదిరించిరి, అది సాగలేదు. ఉద్దేశము పేదల మేలే కావచ్చును. కాని లెక్కల పుస్తకమున వ్రాయని గడి ఖాళీ గాదు, రాబోవు సంవత్సరపు పద్దులకొరకు ఉంచినది.

నగరపు మరియొక కొనయందు, హైదరాబాదు విశ్వవిద్యాలయపు చెంత కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములయందు 2025 మార్చి కడపట యంత్రములతో చెట్లు కూల్చుచుండ, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించెను. ఆ వార్త చదివిన రాత్రి నేను ఆదిపర్వమున ఖాండవదహనమును తీసి చదివితిని. కృష్ణార్జునులు అడవిని కాల్పించిరి. బ్రదికి బయటపడిన మయుడు కృతజ్ఞతతో సభ కట్టెను. ఆ సభను చూచి లోకమంతయు మెచ్చెను. కాని అప్పుడు అడవిలో లేక తప్పించుకొనిన తక్షకుడు అర్జునుని మనుమడైన పరీక్షిత్తును కరచెను. వ్యాసుడు ఈ రెండు కథలను ఒకే పర్వమున పెట్టెను. సభ కట్టినవానికిని విషము తగిలినవానికిని నడుమ రెండు తరములు గడచెను గనుక ఎవరును లెక్క కలిపి చూడలేదు.

ఇక మన ఊరు. నగరమునుండి తరలిన పెద్ద రసాయన పరిశ్రమ ఎచ్చటనో ఒకచోట నుండక తప్పదు. మందులు మనమును మ్రింగుచున్నాము గదా. మాకు వలదు, పొరుగూరికి పంపుడనుట న్యాయము గాదని నా అభిప్రాయము. ఇందు నాతో ఏకీభవింపనివారు ఈ సభలోనే చాలమంది కలరని ఎరుగుదును. 2024లో వికారాబాదు జిల్లా లగచర్లలో ఏమి జరిగినదో మీరు పత్రికలలో చదివితిరి. రైతుల నడుగకయే భూమి గుర్తించినచో కోపము వచ్చును, అధికారులకును అవమానము కలుగును, చివరకు ప్రకటనయే వెనుకకు తీసికొనవలసివచ్చును. దీనికంటె మంచి దారి మన చరిత్రలోనే యున్నది. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున శాసనము వేయించెను. అంతకుముందు ఓడ తుఫానుకు చిక్కి ఒడ్డున పడినచో రాజులు సరకంతయు దోచుకొనెడివారు. ఆయన అట్లు చేయక, నియమించిన సుంకము మాత్రమే తీసికొందునని వర్తకులకు అభయమిచ్చెను. ఏది తీసికొందురో, ఏది తీసికొనరో ముందే రాతిమీద చెక్కించెను.

అట్టి అభయము నేడు వర్తకునికి కాదు, రైతునకు కావలయును. చెరువునకు నీరు తెచ్చు వాగులమీద కర్మాగారము కట్టబోమని; మురికినీటిని శుద్ధిచేయు యంత్రము మొదట నడచి, తరువాతనే కర్మాగారము నడచునని; పనివారికి ఇండ్లు సైరను వినబడు దూరమున కట్టుదురని; భూమి యిచ్చినవాని యింట ఒకనికి పని నేర్పుదురని. ఈ నాలుగు వ్రాతపూర్వకముగ, సర్వేనెంబర్లతో సహా గ్రామసభ ముందు పెట్టినవారితో మాటాడవచ్చును. పెట్టనివారితో మాటాడుటకు తొందర లేదు. కొందరు, అన్ని షరతులు పెట్టినచో పరిశ్రమ వేరొక జిల్లాకు పోవునందురు. పోవచ్చును. మన చెరువు మాత్రము వేరొక జిల్లాకు పోలేదు.

ఈ గ్రంథాలయమునకు నా చిన్న కానుక ఒకటి కలదు. మన ఊరి నక్షాను పెద్దదిగ నకలు తీయించి తెచ్చితిని. చెరువు శిఖము, అలుగు, రెండు వాగులు, పంటకాలువలు, కంచె భూములు అందు గుర్తింపవలసియున్నవి. పాత పహాణీలలో నున్నదానికిని నేడు నేలమీద నున్నదానికిని కొన్నిచోట్ల పొత్తు కుదురుటలేదు. ప్రతి ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు దీనిని ఈ బల్లమీద పరచెదను. ఎర్రసిరా నాకడ నున్నది. పడమటి వాగు వానకాలమున ఎటు మళ్ళునో నాకంటె బాగుగ నెరిగిన ముసలివారు మువ్వురీ సభలో నున్నారు. వారు కళ్ళద్దములు తెచ్చుకొని తప్పక రావలెను.